పాయింట్ల ప్లేటు తీసిన రోజు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

కుంకుడురసంతో రెండుసార్లు తోమినా గోళ్ల సందుల్లో నలుపు పోలేదు. ఆ చేతులతోనే రాస్తున్నాను. ఈ రోజు పెట్టిన కొలతలు రేపటికి మరిచిపోతే మళ్లీ అంతా విప్పాల్సి వస్తుంది.

మా బండి 1974 నాటి పెట్రోలు జీపు, వెనక తొట్టి కట్టిన పికప్. మొదట సైదాపురం వైపు ఒక మైకా గనిలో తిరిగింది. గని మూతపడ్డాక నాన్న కొన్నారు. అప్పటినుంచి మా తోట నిమ్మకాయలను పొదలకూరు మార్కెట్‌కు చేరుస్తోంది. ఇంజను విల్లీస్ హరికేన్: నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు. ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. వేగం తక్కువే కానీ బరువు లాగడంలో దీనికి సాటి వచ్చే బండి నా చేతికి ఇంతవరకు రాలేదు.

రెండేళ్లుగా దీనికి ఒకటే జబ్బు. స్లో మీద నిలవదు. రేసు ఇస్తే తుమ్ముతుంది. ఎండపూట మార్కెట్‌లో ఆపితే మళ్లీ అందుకోదు. చూసిన ప్రతివారూ గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్‌దే తప్పు అన్నారు. నాలుగుసార్లు విప్పి కడిగించాం. కడిగిన వారం రోజులు బాగున్నట్టే ఉండేది.

పోయిన నెల నెల్లూరు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. అందరూ ఆయన్ను భాయ్ అనే పిలుస్తారు. భాయ్ కార్బురేటర్ వైపు చూడనే లేదు. రవ్వ పడినప్పుడల్లా వెలిగే టైమింగ్ లైటు తగిలించి ముందు పుల్లీ మీద పట్టారు. అక్కడి గుర్తు ఒకచోట నిలబడాలి. మాది అటూ ఇటూ ఊగుతోంది. ఇంజను ఆపి, సిలిండర్లకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తిరిగే రోటర్‌ను రెండు వేళ్లతో పక్కకు కదిలించారు. కదిలింది. షాఫ్టు తిరిగే బుష్ అరిగిపోయింది. కరెంటును కలిపి తెంపే పాయింట్ల మధ్య సందు ఒక సిలిండర్ దగ్గర 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఉంటే ఇంకో సిలిండర్ దగ్గర 14 థౌ చూపించింది ఫీలర్ గేజ్. అంటే నిప్పురవ్వ ఒక్కో సిలిండర్‌లో ఒక్కో వేళకు పడుతోంది.

"ముందు నిప్పు సరిచెయ్యి నాయనా, పెట్రోలు సంగతి తర్వాత" అన్నారు భాయ్. రెండేళ్ల అవస్థకు అంతకంటే సూటి జవాబు నేను వినలేదు.

లేతు షాపులో కంచు బుష్ కొత్తది తిప్పించి, షాఫ్టును సరిగ్గా కూర్చోబెట్టారు. దానితోపాటు పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టు కొన్నాను. ఈ ఉదయం ఆరింటికి వేపచెట్టు కింద బానెట్ ఎత్తాను.

పాయింట్ల పని చిన్నది కాదు. కాయిల్‌కు వెళ్లే కరెంటును సరైన క్షణంలో తెంపాలి. తెంపినప్పుడే కాయిల్‌లో వేల వోల్టులు పుట్టి ప్లగ్గుకు చేరతాయి. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే డిస్ట్రిబ్యూటర్ 1000 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు నాలుగుసార్లు చొప్పున పాయింట్లు నిమిషానికి 4000 సార్లు తెరుచుకుంటాయి. ప్రతిసారీ కాస్త కాలుతాయి, వాటి మడమ కాస్త అరుగుతుంది. కొత్త కిట్టులో తగిలేది, అరిగేది ఏమీ లేదు. షాఫ్టుకు అయస్కాంతాల రింగు తొడుగుతాం. తన ముందు నుంచి అయస్కాంతం దాటినప్పుడల్లా దాని పక్కన ఉండే సెన్సర్ కరెంటు తెంపుతుంది.

బిగించడం అరగంట పని. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది, రవ్వ మాత్రం లేదు. గంటన్నర వెతికాను. కాయిల్‌కు 12 వోల్టులు వస్తున్నాయి. ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారు కాలేదు. చివరికి మీటరుతో ప్లేటుకూ డిస్ట్రిబ్యూటర్ బాడీకీ మధ్య చూస్తే ఎర్త్ లేదు. లోపల ప్లేటును బాడీకి కలిపే సన్నటి అల్లిక వైరు పైకి బాగానే ఉంది, గుడ్డ తొడుగు కిందే తెగి ఉంది. ఎంతకాలంగా అలా ఉందో! పాయింట్లు ఉన్నప్పుడు కూడా కరెంటు ఆ ప్లేటు గుండానే ఎర్త్‌కు పోవాలి. మా పాత బాధలో సగం వాటా ఆ వైరుదే అని నా నమ్మకం. కొత్త వైరు టంకం పెట్టి బిగించాక, మొదటి తాళానికే అందుకుంది.

నాన్న వసారాలో మంచం మీద నుంచి లేచి వచ్చారు. ఏమీ అనలేదు. బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు.

పిస్టన్ పైకొసకు చేరడానికి 5 డిగ్రీల ముందు రవ్వ పడేలా టైమింగ్ పెట్టాను. గుర్తు రాయిలా నిలబడింది. ప్లగ్గుల సందు 30 థౌ దగ్గరే ఉంచాను. రవ్వ బలంగా ఉంది కదా అని పెంచమంటారు కానీ నాకు ఆ అవసరం కనిపించలేదు. పాత రాగితీగ ప్లగ్గు వైర్లు తీసేసి కార్బన్ వైర్లు వేశాను. రాగి వైర్ల నుంచి పుట్టే అలజడి సెన్సర్‌ను తికమక పెడుతుంది. (ఒకప్పుడు ప్లగ్గుల్లో పింగాణీకి బదులు మైకా పొరలు చుట్టేవారు. ఈ బండి మైకా మోసిందన్న సంగతి ప్లగ్గు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా గుర్తొస్తుంది.)

ఇగ్నిషన్ కుదిరాక కూడా తుమ్ము పూర్తిగా పోలేదు. అప్పుడు కార్బురేటర్ వంతు వచ్చింది. రెండూ ఒకేసారి మార్చి ఉంటే దేని తప్పు ఎంతో ఎప్పటికీ తెలిసేది కాదు.

స్లో మీద ఉంచి, కార్బురేటర్‌లో గాలి మూతను తిప్పే థ్రాటిల్ షాఫ్టు దగ్గర క్లీనర్ స్ప్రే కొట్టాను. ఇంజను చప్పుడు మారింది. షాఫ్టు అరిగి అక్కడ దొంగగాలి పోతోందన్నమాట. ఎన్నిసార్లు కడిగితే మాత్రం ఆ సందు పూడుతుందా! అదే కొలతలో తెచ్చిపెట్టిన కొత్త సోలెక్స్ కార్బురేటర్ బిగించాను. పెద్దది వేస్తే బలం పెరుగుతుందని కొందరు సలహా ఇచ్చారు. పొడవైన స్ట్రోకుతో నిదానంగా తిరిగే ఇంజను ఇది. గాలి ఇరుకు గొంతులో వేగంగా దూసుకుపోతేనే పెట్రోలును సన్నటి తుంపరలుగా చీలుస్తుంది. గొంతు వెడల్పు చేస్తే బస్తాలతో కదిలేటప్పుడే ఊపిరి అందదు.

పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రపు మర, జెట్టు, మాత్రం మార్చాను. ఇప్పుడు బంకులో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. శుద్ధమైన పెట్రోలు ఒక పాలు మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. ఈ మిశ్రమానికి దాదాపు 13.5. పాత జెట్టుతో ఇంజనుకు ఇంధనం తక్కువ పడుతుంది. సోలెక్స్ జెట్టు మీద 125 అని ఉంటే రంధ్రం 1.25 మిల్లీమీటర్లు. 130 వేస్తే రంధ్రం వైశాల్యం 8 శాతం పెరుగుతుంది, దాదాపు కావలసినంత. ఇథనాల్‌కు పాత రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది కాబట్టి పెట్రోలు గొట్టాలూ మార్చేశాను.

ఈ ఇంజనులో కార్బురేటర్ హెడ్డు మీదే కూర్చుంటుంది. ఆపిన తర్వాత హెడ్డు వేడి పైకి ఎక్కి, కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గదిలో పెట్రోలు మరుగుతుంది. మార్కెట్‌లో మధ్యాహ్నం మొరాయించడానికి కారణం అదే. కింద ఒక బేకలైట్ దిమ్మ, రెండు గ్యాస్కెట్లు వేశాను. మూడింటికి మంచి ఎండలో పొదలకూరు దాకా వెళ్లి, ఇరవై నిమిషాలు ఆపి, తాళం తిప్పాను. అందుకుంది. వచ్చేటప్పుడు చెరువు కట్ట ఎత్తు టాప్ గేరులోనే ఎక్కింది.

సాయంత్రం స్లో 600 చుట్లకు దించాను. అమ్మ నిమ్మకాయ మజ్జిగ తెచ్చి, "ఇంజను ఆడుతోందా, ఆపేశావా?" అని అడిగింది. దాన్ని వింటూ గ్లాసు ఖాళీ చేశాను.

నాన్న అప్పుడు అడిగారు, పాత పాయింట్లు ఏం చేశావని. పారేయలేదు. పాయింట్లు చెడిపోయే ముందు నెల రోజులు సతాయించి చెబుతాయి, గీకి సర్దుకుని ఇంటికి రావచ్చు. సెన్సర్ పోతే చెప్పకుండా పోతుంది, దారిలో చేసేదేమీ ఉండదు. అందుకే పాయింట్లు, కండెన్సర్ బిగించి ఉన్న ఆ ప్లేటును తుడిచి, గుడ్డలో చుట్టి, ఫీలర్ గేజ్‌తో పాటు డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను. నాన్న వెళ్లి అర తెరిచి చూసి, చిన్న స్క్రూడ్రైవర్ కూడా అందులో వేసి వచ్చారు.

పెట్రోలు పంపు డయాఫ్రమ్ ఒకటి మిగిలింది. అది వచ్చే ఆదివారం. రేపు తెల్లవారి నాలుగింటికి పద్నాలుగు బస్తాలు ఎక్కించాలి.