విశాఖ రేవు నుంచి నరసన్నపేట దాకా ఒక కోత మిషన్

మా నరసన్నపేట వైపు వరి కోతలు ఇప్పుడు మిషన్ల మీదే నడుస్తున్నాయి. పనిచేసే వయసు వాళ్లు చాలామంది హైదరాబాద్, చెన్నై, విశాఖ అంటూ వెళ్లిపోయారు. నవంబరు వచ్చేసరికి బయటి జిల్లాల నుంచి టైరు మిషన్లు, చైన్ మిషన్లు దిగుతాయి. గంటకింత అని అద్దె తీసుకుని చేలకు చేలు ఊడ్చేస్తాయి. ధాన్యం వరకు ఏ పేచీ లేదు. గడ్డి దగ్గరే బాధంతా. ఆ మిషన్ మొక్కనంతా లోపలికి లాక్కుని, నలిపి, తుంపులు చేసి వెనక పారబోస్తుంది. ఆ గడ్డితో కుప్ప వేస్తే నిలవదు, పశువులు సరిగ్గా తినవు. గడ్డిని కట్టలు కట్టే బేలర్ మిషన్ పెట్టి చుట్టిద్దామంటే అదొక ఖర్చు.

మా బావకి నరసన్నపేటలో పనిముట్ల షాపు ఉంది, ఇంటి దగ్గర గేదెలు ఉన్నాయి. జపాన్ వాళ్ల చిన్న కోత మిషన్ వీడియో ఒకటి చూసిన దగ్గర్నుంచి ఆయనకి నిద్ర లేదు. ఆ మిషన్ దుబ్బుని నిలువునా పట్టుకుని మొదలు కోస్తుంది. ఒక గొలుసు మీద పక్కకి వాల్చి, వెన్నులున్న తల భాగాన్ని మాత్రమే నూర్పు డ్రమ్ములోకి పంపుతుంది. గడ్డి నలగకుండా పొడుగ్గా బయటికి వస్తుంది. కుబోటా, యన్మార్, ఇసెకి కంపెనీలు ఎప్పటినుంచో వీటిని తయారు చేస్తున్నాయి. జపాన్‌లో రైతుల సగటు వయసు 67 దాటింది. సాగు మానేసిన ముసలాయన షెడ్డులో పెద్దగా అరగని మిషన్ ఉండిపోతుంది. దాన్ని పాత మిషన్ల వ్యాపారులు కొని బయటి దేశాలకి ఎగుమతి చేస్తారు. మా ఊరి కుర్రాడొకడు అక్కడ ఉద్యోగంలో ఉన్నాడు. వాడే అలాంటి ఒక వ్యాపారి యార్డుకి వెళ్లి, మిషన్ ఫోన్లో చూపించి, బేరం కుదిర్చాడు.

దసరా వెళ్లాక కంటైనర్ విశాఖలో దిగిందని కబురు వచ్చింది. "ఇంగ్లీషు కాగితాలు నాకెక్కడ అర్థమవుతాయి, నువ్వు కూడా రా" అన్నాడు బావ. అలా నేను బయల్దేరాను.

దారి గురించి చెప్పడానికి ఏమంత లేదు. శ్రీకాకుళం బైపాస్ మీద నాగావళి నిండుగా పారుతోంది. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల దగ్గర అలవాటుగా కారు అద్దాలు ఎత్తేశాం. దారి పొడుగునా బావ లెక్కలు కడుతూనే ఉన్నాడు: మిషన్ ధర, ఓడ కిరాయి, సింగపూర్‌లో ఓడ మారినందుకు అయింది, ఇక్కడ సుంకం. తగరపువలస వచ్చేసరికి అసలు ధర కన్నా పై ఖర్చులే ముందు నడుస్తున్నాయి.

కస్టమ్స్ పనులు చేయించి సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంటు ఆఫీసు గాజువాక వైపు ఉంది. ఆయన నెమ్మదస్తుడు, కుర్చీలు వేయించి టీ తెప్పించి చెప్పాడు. పాత సరుకు అనగానే మన దేశంలో అన్నిటికీ ఒకే రూలు ఉండదట. ఉత్పత్తికి వాడే పాత యంత్రాలు చాలావరకు స్వేచ్ఛగా తెచ్చుకోవచ్చు. కోత మిషన్ కస్టమ్స్ లెక్కలో 84వ అధ్యాయం, అంటే యంత్రం. ట్రాక్టర్ 87వ అధ్యాయంలో వాహనాల సరసన ఉంటుంది, పాత వాహనాల రూళ్లు చాలా గట్టివి. "మీరు ట్రాక్టర్ జోలికి పోలేదు, అదృష్టం" అన్నాడు. బాగుచేసిన పాత విడిభాగాలకైతే ఇంకా 80 శాతం ఆయుష్షు మిగిలి ఉందని చార్టర్డ్ ఇంజనీరు సర్టిఫికెట్ కావాలి. ఈ సంగతి ముందే తెలిసి, జపాన్‌లో ఉన్న కుర్రాడు ఉచితంగా ఇస్తామన్న పాత గొలుసులు, నూర్పు డ్రమ్ము పళ్లు కంటైనర్‌లో వేయనివ్వలేదు. బావకి ఆ పళ్ల మీద బెంగ మాత్రం అప్పటికీ తీరలేదు.

మర్నాడు కంటైనర్ యార్డులో సీలు తెంచారు. లోపల మిషన్ బెల్టులతో కట్టి ఉంది, రబ్బరు చైన్ల కింద చెక్క దిమ్మలు పెట్టారు. అందరూ మిషన్ చూస్తుంటే ఏజెంటు కుర్రాడు మాత్రం వంగి ఆ దిమ్మలు చూస్తున్నాడు. వాటి మీద గోధుమ వెన్ను బొమ్మతో ముద్ర ఉండాలి, పక్కన హెచ్.టి. అని ఉంటే వేడితో శుద్ధి చేసిన చెక్క అని అర్థం. చెక్కలో దాక్కుని పురుగులు దేశాలు దాటకుండా పెట్టుకున్న అంతర్జాతీయ నియమం అది. ముద్రలు ఉన్నాయి, దిమ్మల గొడవ తీరింది.

ఆ తర్వాత మొక్కల క్వారంటైన్ ఆఫీసరు వచ్చారు. టార్చి వేసి చైన్ లోపలి రోలర్ల వెనక చూసి, చిన్న పుల్లతో గీరారు. అరచేతిలో నల్లటి ఎండు మట్టి రాలింది. జపాన్‌లో నీళ్ల పంపు పెట్టి కడిగామని కాగితం ఉంది, ఫొటోలూ ఉన్నాయి. బయటికి తళతళలాడుతోంది కూడా. రోలర్ల సందులోకి మాత్రం ఎవరి చెయ్యీ వెళ్లలేదు. విదేశీ మట్టి అనుమతి లేకుండా మన దేశంలోకి రాకూడదు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డరు ఆ మాట స్పష్టంగా చెబుతుంది. మట్టిలో నులిపురుగులు, తెగుళ్ల బీజాలు కంటికి కనపడకుండా ప్రయాణం చేస్తాయి. "కడిగించి మళ్లీ చూపించండి" అన్నారాయన. కోపం లేదు, కేకలు లేవు. యార్డు అద్దె మాత్రం పెరిగింది.

నిజం చెప్పాలంటే నాకు ఆయన మీద గౌరవమే కలిగింది. మా ఊళ్లో ఒక చేను తెగులు పక్క చేనుకి పాకితే గట్టు మీద ఎంత రభస జరుగుతుందో నాకు తెలుసు.

నూర్పు డ్రమ్ము మూత తీస్తే అడుగున గుప్పెడు ధాన్యం దొరికింది. పొట్టిగా, గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి గింజలు. బావ కళ్లు మెరిశాయి. "ఏటి బావా, నాలుగు గింజలు జేబులో వేసుకుని నారు పోసి చూద్దామా?" అన్నాడు నా చెవిలో. ఏజెంటు కుర్రాడికి వినపడింది. వాడి మొహం పాలిపోయింది. మట్టికి చెప్పిన రూలే విత్తనానికీ చెప్పి, ఆ గింజలన్నీ గాలి గొట్టంతో పీల్పించి, మట్టితో పాటు అప్పగించే దాకా వాడు బావ పక్కనుంచి కదల్లేదు.

విలువ కట్టే ఇంజనీరు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. పాత యంత్రానికి ఇన్‌వాయిస్ ధర నమ్మదగిందేనా అని చూడడానికి తయారైన సంవత్సరం, కొత్తప్పటి ధర, ఇప్పటి పరిస్థితి రాసి రిపోర్టు ఇవ్వాలి. జపాన్ కాగితంలో సంవత్సరం దగ్గర హెయిసెయ్ 21 అని ఉంది. అది వాళ్ల చక్రవర్తి పాలన లెక్క. 1989 మొదటి ఏడు కాబట్టి 2009 అవుతుంది. ఇంజనీరుకి ఇది కొత్త కాదు, గంటల మీటరు చూసి, చైన్ అరుగుదల చేత్తో తడిమి, చకచకా రాసుకున్నాడు. సుంకం సరుకు ధర ఒక్కదాని మీదే వేయరు. ఓడ కిరాయి, బీమా కలిపిన మొత్తం మీద మూల సుంకం, ఆ సుంకం మీద 10 శాతం సర్‌ఛార్జి, వాటన్నిటి మొత్తం మీద జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి కోత మిషన్ల జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గడం మాకు కలిసొచ్చింది. బావ మొహంలో ఆ రోజంతా కనిపించిన నవ్వు అదొక్కటే.

డబ్బు కట్టి, డెలివరీ ఆర్డరు తీసుకుని, కొత్త బ్యాటరీ వేసి తాళం తిప్పితే రెండోసారికి ఇంజను అందుకుంది. యార్డులో హమాలీలు కూడా చప్పట్లు కొట్టారు. రబ్బరు చైన్‌తో తారు రోడ్డు మీద నడిపితే అరిగిపోతుంది కాబట్టి లారీ ఎక్కించాల్సిందే. లారీలో సరుకు తీసుకెళ్లడానికి కావాల్సిన ఈ-వే బిల్లు చేతికొచ్చేసరికి చీకటి పడింది. పెందుర్తి, ఆనందపురం మీదుగా హైవే ఎక్కాం. నాతవలస టోల్ దగ్గర, రణస్థలం టీ కొట్టు దగ్గర, మడపాం టోల్ దగ్గర అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇదేటి బాబూ, బొమ్మ మిషనా?" నిజమే, పెద్ద చైన్ మిషన్ పక్కన నిలబెడితే ఇది దూడలా ఉంటుంది.

ఊళ్లో దించడానికి ర్యాంపు లేదు. చెరువు గట్టు ఎత్తు చూసి లారీని వెనక్కి పెట్టించి, బల్లలు వేసి దించాం. మీటల మీద అన్నీ జపాన్ అక్షరాలే. ఫోన్ కెమెరాతో చదివి, మా మేనల్లుడు స్టిక్కర్ల మీద తెలుగులో రాసి అంటించాడు: కోత, నూర్పు, ఎత్తు, నిండింది.

అక్టోబరు చివర మొంథా తుపాను వానలకి పల్లంలో చేలు వాలిపోయాయి. మిషన్ ముందు దువ్వెనల్లాంటి గోళ్లు వాలిన మొక్కని కొంతవరకు పైకి లేపుకున్నాయి. పూర్తిగా నేలకి అంటుకుపోయిన చోట మాత్రం ఇదీ చేతులెత్తేసింది, అక్కడ కొడవళ్లే దిక్కు. మెరక చేలో చూడాలి దాని పనితనం. ధాన్యం నేరుగా బస్తాల్లోకి, గడ్డి వరసగా పక్కకి. మా పెద్దనాన్న ఒక పిడికెడు గడ్డి తీసి విరిచి చూసి, "కుప్ప వేసుకోవచ్చురా" అన్నాడు.

ఒక బెల్టు మొదటి వారంలోనే తెగింది. పాతదాని కొలత పట్టుకుని శ్రీకాకుళంలో తిరిగితే సరిపోయేది దొరికింది. నూర్పు పళ్లు అరిగితే ఏం చేయాలో బావ ఇంకా తేల్చలేదు. వెల్డింగ్ షాపులో చేయించొచ్చని ఆయన నమ్మకం, నాకు అంత నమ్మకం లేదు.

ఇప్పుడు గొడవంతా అద్దె దగ్గర. రెండే వరసలు కోస్తుంది కాబట్టి పెద్ద మిషన్ కన్నా నెమ్మది. పెద్ద మిషన్‌కి ఇచ్చినట్టే గంటకి ఇవ్వమని బావ అంటాడు. నెమ్మదిగా కోసేదానికి గంట లెక్క ఏటి, ఎకరాకి చెప్పు అంటారు రైతులు. గడ్డి మిగిలింది కదా, దాని విలువ కూడా కలపండి అంటాడు బావ. గడ్డి నా చేలోది, దానికి నీకెందుకు ఇవ్వాలి అంటారు వాళ్లు. నిన్న రాత్రి కూడా షాపు ముందు ఇదే పంచాయితీ, పది దాటే దాకా.