గొంతు లేని పదకొండు వారాలు

థైరాయిడ్ ఆపరేషన్ జరిగిన మర్నాడు నర్సు వచ్చి "ఎలా ఉందమ్మా?" అని పలకరించింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. స్వరపేటికను కదిలించే నరం థైరాయిడ్ గ్రంథిని ఆనుకునే వెళ్తుంది. అది దెబ్బతింటే ఆ వైపు స్వరతంత్రి కదలదు. నరం తెగలేదని, గొంతు వారాల్లో రావచ్చని, నెలలూ పట్టవచ్చని డాక్టర్ చెప్పారు. మంచినీళ్లు తాగినా పొలమారేది. గడ్డం కిందికి వంచి, గుక్కెడు గుక్కెడు మింగడం నేర్చుకున్నాను.

ఇంట్లో ఏడేళ్ల కొడుకు. వాడికి ఆటిజం. నాది జబ్బు, తగ్గుతుంది. వాడిది జబ్బు కాదు, వాడి తీరే అది. దాహమేస్తే వాడు "నీళ్లు కావాలా?" అంటాడు. మేము వాడిని అడిగే మాటే వాడికి నీళ్ల పేరయింది. తెలియనివాళ్లు "నాకొద్దు నాన్నా" అని వెళ్లిపోతారు. వాడు ఎండిన పెదాలతో అక్కడే నిలబడి ఏడుస్తాడు.

నన్ను చూడటానికి మా పెద్దత్తగారు వచ్చారు. నా పక్కనే కూర్చుని "అమ్మాయి కాఫీ తాగుతుందా?" అని మా వారిని అడిగారు. ఎదురింటావిడ నాకు వినపడదన్నట్టు గట్టిగా మాట్లాడారు. మా వాడి పలక మీద నేను రెండు మాటలు రాసేలోపే మూడోది వాళ్లే ఊహించేసి, అదీ తప్పుగా, వేరే సంగతిలోకి వెళ్లిపోయేవారు. నాలుగోసారి బలపం కింద పెట్టేశాను. ఆ పూట ఇక ఏమీ చెప్పాలనిపించలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "నోటితో అడిగితేనే ఇస్తాను" అని బిస్కెట్ల డబ్బా పైకెత్తి పట్టుకున్న చేయి నాదే. ఎన్నిసార్లు పట్టుకున్నానో.

స్పీచ్ థెరపిస్టు ఏడాది కిందటే ఒక బొమ్మల ఫైలు ఇచ్చారు. పిల్లవాడు బొమ్మ తీసి మన చేతిలో పెడితే, ఆ వస్తువు వెంటనే ఇవ్వాలి. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించిన పద్ధతి. బొమ్మలకు అలవాటుపడితే మాట రాదేమోనన్న భయంతో నేను దాన్ని బీరువా మీద పడేశాను. బొమ్మలు మాటకు అడ్డం రావని, కొందరికి తోడవుతాయని థెరపిస్టు అప్పుడే చెప్పారు. ఇప్పుడు నా గొంతుకు అభ్యాసాలు నేర్పుతున్నదీ ఆవిడే.

ఫైలు దించాను. వాడిని పిలవడానికి నాకు మాట లేదు కదా! స్నానానికి బకెట్ బొమ్మ, భోజనానికి కంచం బొమ్మ చూపేదాన్ని. తొమ్మిదో రోజున వాడే వెల్క్రో చర్రున లాగి, ఉయ్యాల బొమ్మ నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

ఏదైనా అడిగాక మనసులో పది లెక్కపెట్టమని థెరపిస్టు ఎప్పుడూ చెప్పేవారు. గొంతున్నప్పుడు నేను మూడు దాకా కూడా ఆగలేదు. అడిగిందే మళ్లీ అడిగి, వాడు పోగుచేసుకుంటున్న మాటను చెదరగొట్టేదాన్ని. ఈసారి ఆగక తప్పలేదు. ఏడు, ఎనిమిది దగ్గర వాడి చేయి కదిలేది.

పదకొండో వారంలో నా గొంతు బొంగురుగా తిరిగొచ్చింది. సాయంత్రానికి ఇప్పటికీ అలసిపోతుంది. ఫైలు మాత్రం భోజనాల బల్ల మీదే ఉంది.

మొన్న అన్నం తింటుంటే నాకు పొలమారింది. వాడు గ్లాసు పట్టుకొచ్చి "నీళ్లు కావాలా?" అన్నాడు. వాడికో, నాకో అర్థం కాలేదు. దగ్గు ఆపుకొని లెక్కపెట్టాను. ఆరు దగ్గర సగం తాను తాగి, మిగిలింది నా వైపు జరిపాడు.