డాబా మీద పడ్డ వాన

బుధవారం, పుష్యమి కార్తె

తెల్లవారుజామున పట్టుకున్న వాన ఎనిమిదింటి దాకా తెరిపివ్వలేదు. పెరట్లో గట్టు మీద పెట్టిన పాత డాల్డా డబ్బాలో స్కేలు ముంచి చూస్తే 28 మిల్లీమీటర్లు. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న డబ్బా ఏదైనా చాలు, వాన కొలవడానికి ఇంకేమీ కొనక్కర్లేదు. చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. వాన నీళ్ళు పట్టడానికి మేం గొట్టం పెట్టించింది సగం డాబాకే, అంటే 40 చదరపు మీటర్లు. లెక్కకి 1,120 లీటర్లు. శ్లాబు పీల్చుకున్నవీ, తుళ్ళిపోయినవీ, మొదట్లో పారబోసినవీ పోగా 900 వచ్చుంటాయి. వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు ఇంచుమించు నిండింది. మూత ఎత్తి చూస్తే ఎంత సంతోషమేసిందో.

హైదరాబాదు నుంచి చుట్టాలొస్తే అడుగుతుంటారు, గోదారి ఒడ్డున ఉండి వాన నీళ్ళు దాచుకోవడమేంటని. నిజమే, మా కోనసీమకి రెండు పక్కలా గోదావరి పాయలు, మూడో పక్క సముద్రం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాటన్ దొర పుణ్యమా అని కాలువ నీళ్ళు ఇంత దూరం వస్తున్నాయి. అయితే మాది సఖినేటిపల్లి వైపు శివారు ఊరు. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు నింపుకున్న చెరువు నీళ్ళతోనే వేసవంతా నెట్టుకు రావాలి, అడుగంటే కొద్దీ అవి పచ్చబడతాయి. వానాకాలం వరదొస్తే కాలువలో ఎర్రనీరు. ధవళేశ్వరంలో 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ రోజుల్లో గోదారి దాటించే నర్సాపురం పంటు కూడా ఆపేస్తారు. చుట్టూ అన్ని నీళ్ళుండగా మా వీధిలోకి ఆటోలో నీళ్ళ టిన్నులొస్తాయి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

బోరు వేసుకోవచ్చుగా అంటారు. వేస్తే ఉప్పు. మా ఇల్లున్నది ఇసుక దిబ్బ మీద. అత్తయ్యగారు కాపురానికొచ్చిన రోజుల్లో మా బావి నీళ్ళు తియ్యగా ఉండేవట, పక్క వీధి వాళ్ళు కూడా కావిళ్ళతో పట్టుకెళ్ళేవారట. ఉప్పునీటి కంటే మంచినీరు తేలిక కాబట్టి దిబ్బలో ఇంకిన వాన నీరు కిందున్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టం కంటే ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, ఆ మట్టానికి కింద దాదాపు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుందని లెక్క. పైనున్న ఆ ఒక్క అడుగునీ మోటార్లు పెట్టి లాగేస్తే కింద ఉప్పు నిదానంగా అన్ని అడుగులూ ఎగబాకుతుంది. దానికి తోడు చుట్టుపక్కల ఉప్పునీటి రొయ్యల చెరువులు. చేతులారా పోగొట్టుకున్న నీళ్ళు ఇవి. అందుకే ట్యాంకు నిండాక పొర్లిపోయే నీటిని బావిలోకి మళ్ళించాం. అదీ వడకట్టిన తర్వాతే.

వాన తగ్గాక నా మొదటి పని అడుగు గొట్టం ఖాళీ చేయడం. డాబా మీంచి దిగే నీళ్ళు ట్యాంకులోకి వెళ్ళేముందు పక్కన నిలువుగా ఉన్న 6 అంగుళాల లావు గొట్టంలో పడతాయి. నాలుగడుగుల ఎత్తు, 20 లీటర్ల పైచిలుకు పడుతుంది. అది నిండాకే నీళ్ళు వడపోత డ్రమ్ము వైపు తిరుగుతాయి. డాబా కడిగిన మురికంతా అందులోనే ఆగిపోతుందన్నమాట. ఈ రోజు మూత తిప్పగానే టీ డికాక్షను రంగులో నీళ్ళు బుడబుడమని వచ్చాయి. వాటి వెంట కొబ్బరి పూత, పావురాల రెట్ట, నానిపోయిన వేపాకులు, అడుగున నల్లటి మెత్తటి బురద. చేతికి జిగురుగా తగిలింది. నీళ్ళు పూర్తిగా తేటపడే దాకా చెంబుతో పోసి కడిగి మళ్ళీ మూత బిగించాను. ఈ ఒక్క పని బద్ధకిస్తే మిగతా ఏర్పాటంతా దండగ.

డ్రమ్ములో అడుగున కంకర, దాని మీద కొబ్బరి చిప్పల బొగ్గు, పైన కడిగిన ఇసుక. బొగ్గు కొనే పని లేదు, మా ఊళ్ళో చిప్పలకేం కొదవ! ట్యాంకు గొట్టాలన్నిటికీ దోమల వల కట్టాం. తాగే నీళ్ళు మాత్రం కాచి చల్లార్చుకుంటాం. వడకడితే నలకలు పోతాయి గానీ పక్షి రెట్టలోని క్రిములు పోతాయన్న నమ్మకం లేదు.

మధ్యాహ్నం వాన నీళ్ళతోనే కందిపప్పు వేశాను. బావి నీళ్ళలో ఎన్ని విజిల్సు వచ్చినా పప్పు బద్దలు బద్దలుగానే ఉంటుంది. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పప్పుని మెత్తబడనివ్వవు. ఈ నీళ్ళలో గరిటెతో అలా తాకిస్తే చాలు, ఇట్టే మెదిగిపోయింది. అత్తయ్యగారు రెండోసారి కలుపుకుంటూ, "మా అమ్మ వాళ్ళు నాలుగు రాటలకి ఉతికిన పంచె కట్టి, మధ్యలో గులకరాయి వేసి, కింద గంగాళం పెట్టేవారు అమ్మాయ్. ఆ నీళ్ళు పప్పుకీ తలంటుకీ తప్ప వాడనిచ్చేవారు కాదు" అన్నారు. చూరు నీళ్ళు ఎందుకు పట్టేవారు కాదని అడిగితే, అప్పుడు తాటాకిల్లు కదా, నీళ్ళు ఎర్రగా దిగేవన్నారు.

సాయంత్రం ఎదురింటి వదినగారు వచ్చారు. ఆవిడ పుట్టిల్లు ఇక్కడికి దగ్గరే, చేల మధ్య ఊరు. వాళ్ళ తమ్ముడు ఇంటి ముందు ఇంకుడు గుంత తవ్వించాడట. "ఏం లాభం వదినగారూ, వారం నుంచీ నీళ్ళు అలాగే నిలబడి ఉన్నాయి, దోమలు తప్ప" అన్నారు. నిలబడక ఏం చేస్తాయి మరి! అది బంకమన్ను నేల. పైగా ఈ వానల రోజుల్లో డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు పైకే వస్తాయి, ఇంకడానికి చోటెక్కడ? అనంతపురంలో ప్రాణం పోసే గుంత ఇక్కడ చేల ఊళ్ళో పనికిరాదు. దిబ్బ మీద వాళ్ళు ఇంకించుకోవాలి, చేల మధ్య వాళ్ళు ట్యాంకులో దాచుకోవాలి. ఊరూరికీ ఒకటే పద్ధతి చెప్పేవాళ్ళు నేల చూసి చెప్తే ఎంత బాగుండును. తమ్ముడికి గుంత పూడ్చి, ఆ చోట ట్యాంకు దిమ్మ కట్టించమని చెప్పండన్నాను. మా గొట్టాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోన్లో ఫొటోలు తీసుకుని వెళ్ళారు.

రాత్రి ఆయనతో మిగతా సగం డాబా సంగతి కదిపాను. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి 10 లీటర్లు అనుకున్నా, ఐదుగురికి కాలువలు కట్టేసే రెండు నెలలకి 3,000 లీటర్లు కావాలి. అక్టోబరు, నవంబరు వానల్లో, ఏ తుఫానో వచ్చినప్పుడు, ఆ మాత్రం రెండు రోజుల్లో పడిపోతుంది. నిలవ ఉంచే చోటే లేదు. ఖర్చెంతవుతుందో అని కాసేపు ఆలోచించి, దసరా లోపు కట్టిద్దామన్నారు. వంటింటి కిటికీ పక్కన సిమెంటు ట్యాంకు, సెప్టిక్ ట్యాంకుకి వీలైనంత దూరంగా. దిమ్మ మాత్రం నడుం ఎత్తు ఉండాలన్నాను, వరద నీళ్ళు పెరట్లోకి వచ్చినా ట్యాంకులోకి రాకూడదు. కొలతలు తీసుకోవడానికి మేస్త్రీని ఆదివారం రమ్మని ఫోను చేశారు.