సఖినేటిపల్లి పంటు, ఫ్లోరిడా పడవ

డిస్నీ వరల్డ్‌లో మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి మోనోరైల్, పడవ బయల్దేరే టికెట్ అండ్ ట్రాన్స్‌పోర్టేషన్ సెంటర్ దగ్గర జనమంతా మోనోరైల్ వైపు నడుస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అటు కాదే. పడవ ఇటు."

ఆర్లండో రావడం అమ్మకి అదే మొదటిసారి. నేను రెండుసార్లు వచ్చాను, రెండుసార్లూ మోనోరైలే ఎక్కాను. అసలు పడవ ఉందన్న సంగతే నాకు గుర్తులేదు. అమ్మ మాత్రం సొంతూరి రేవుకి వెళ్తున్నంత ధీమాగా ముందు నడిచింది. మావారు, పాప, నేను వెనకాల.

దీని వెనక కొంచెం కథ ఉంది. అమ్మ ఫిబ్రవరిలో మా దగ్గరికి ఆల్ఫరెట్టా వచ్చింది. ఇక్కడికి తల్లిదండ్రుల్ని తెచ్చుకున్నవాళ్ళకి ఆ ఆర్నెల్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. కారు నడపడం రాదు, పలకరించే పక్కింటివాళ్ళుండరు. నేను మీటింగుల్లో, ఆయన ఆఫీసులో, పాప స్కూల్లో. నర్సాపురంలో పొద్దున్నే కూరగాయలబ్బాయితో మొదలుపెట్టి రాత్రి దాకా మనుషుల మధ్య ఉండే మనిషి, మా ఇంట్లో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చునేది. నాకు లోపల గిల్టీగా ఉండేది, కానీ చెయ్యగలిగిందేమీ కనపడలేదు.

ఒకరోజు పాప ఏదో రైడ్ వీడియో పెట్టుకుని మధ్యలో లేచి వెళ్ళిపోయింది. టీవీ తనంతట తాను తర్వాతి వీడియోకి వెళ్ళింది. ఎవరో గడ్డం అబ్బాయి డిస్నీ వరల్డ్‌లో కెమెరా పట్టుకుని నడుస్తున్నాడు. నడవడమే, ఇంకేమీ లేదు. పడవ ఎక్కుతాడు, రెయిలింగ్ పట్టుకుని నీళ్ళు చూపిస్తాడు, దిగుతాడు, ఒక బెంచీ మీద కూర్చుని ఏదో తింటాడు. మాటలు తక్కువ. అమ్మకి ఇంగ్లీషు రాదు, అయినా గంటసేపు చూసింది. మర్నాడు నాలుగింటికి టీ పెట్టుకుని, "ఆ గడ్డం అబ్బాయిని పెట్టు" అంది. అక్కణ్ణుంచి అది రోజూ జరిగే పనైపోయింది. ఆ తర్వాత ఎప్పుడో మాటల్లో అంది, "రోజూ సాయంత్రం ఆ అబ్బాయితో కలిసి కాసేపు అలా తిరిగొచ్చేదాన్నే" అని. ఆ మాట విన్న రాత్రే జూన్ ఆఖరి వారానికి హోటల్ బుక్ చేశాను.

ఇంటి నుంచి ఆర్లండో ఏడు గంటల డ్రైవ్. ఐ-75 గురించి రాసేదేముంది, అందరికీ తెలిసిందే. దారి పొడుగునా కార్లో ఒకటే వాదన, ఇలా తిరుగుతూ వీడియోలు తీసే వ్లాగర్లలో ఎవరు మంచివాడని. మా పాపకి పదకొండేళ్ళు. దానికి అరిచేవాళ్ళు కావాలి. రోలర్ కోస్టర్ మీద కెమెరా తిప్పుకుని కేకలు పెట్టే ఒకతని ఛానెల్ దానికి ప్రాణం. నాకు నిదానంగా, లోతుగా చెప్పేవాళ్ళు ఇష్టం. డిఫంక్ట్‌ల్యాండ్ ఛానెల్ 2021లో ఫాస్ట్‌పాస్ అనే, క్యూ తప్పించే టికెట్ పద్ధతి మీద గంటన్నర దాటిన వీడియో చేసింది. క్యూ లైన్లు ఎందుకు పెరుగుతాయో లెక్కలు కట్టి మరీ చూపించింది. వంటింట్లో గిన్నెలు తోముతూ అదంతా విన్నాను. మావారికి ఎవరూ అక్కర్లేదు, ఆయనకి కావలసింది పార్కింగ్ ఎక్కడుందో చెప్పేవాడు. అమ్మ మాత్రం అందరి మాటా విని, "మీరు చెప్పేవాళ్ళంతా వాళ్ళ మొహాలే చూపిస్తారు. నా అబ్బాయి ఊరు చూపిస్తాడు" అంది.

కిసిమీలో హోటల్ రేటు చూసి చౌక అనుకున్నాం. కౌంటర్ దగ్గర రోజుకింతని రిసార్ట్ ఫీజు కలిపేసరికి కడుపు మండింది. ఈత కొట్టని వాళ్ళకి ఈత కొలను ఫీజు ఎందుకో ఎవరూ చెప్పరు. మొదటి రోజు ఎప్కాట్, డిస్నీ వాళ్ళ పార్కుల్లో ఒకటి. మధ్యాహ్నం నుంచి కుండపోత వాన. నలుగురం నాలుగు ప్లాస్టిక్ పోంచోలు కొన్న ఖర్చుతో ఇండియాలో నాలుగు మంచి గొడుగులొచ్చేవి. ఆ రోజు గురించి ఇంతే.

రెండో రోజు ఆ పడవ.

రెండంతస్తుల పెద్ద పడవలవి. పార్కు కట్టినప్పటి పెద్దల పేర్లు పెట్టారు. మాకు వచ్చినదాని మీద జనరల్ జో పాటర్ అని ఉంది. అమ్మ ఆ అక్షరాలు కూడబలుక్కుని, "మనవాడు ఎక్కువ ఎక్కేది దీన్నే" అంది. పై అంతస్తులో ముందు రెయిలింగ్ దగ్గరికి తీసుకెళ్ళింది. పడవ కదిలాక మాట్లాడొద్దని పాపకి సైగ చేసింది. సెవెన్ సీస్ లగూన్ మనుషులు తవ్విన చెరువు. దానికి అవతల సిండ్రెల్లా కోట, 189 అడుగులు, మొదట వేలెడంత కనపడి మెల్లిగా పెరుగుతూ వచ్చింది. మోనోరైల్లో రెండుసార్లు వెళ్ళినా నేనిది చూడలేదు. అద్దాల్లోంచి ఏవేవో కనపడుతుంటే ఫోను చూసుకుంటూ కూర్చున్నాను.

"అచ్చం మన పంటులాగే ఉందే" అంది అమ్మ.

అమ్మ పుట్టిల్లు సఖినేటిపల్లి. అత్తారిల్లు నర్సాపురం. మధ్యలో వశిష్ఠ గోదావరి. పుట్టింటికి వెళ్ళాలన్నా, అంతర్వేది తీర్థానికి వెళ్ళాలన్నా ఆ పంటే దిక్కు. బళ్ళు, మేకలు, పెళ్ళివాళ్ళు, అందరూ దాని మీదే. కొత్తగా పెళ్ళైనప్పుడు పంటు మీద నిలబడి అవతలి ఒడ్డున తాతయ్య కనపడతారా అని చూసేదట. ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. ఫ్లోరిడాలో చెప్పింది.

మా పక్కన డెబ్బై దాటిన ఒక పెద్దాయన, ఒక్కరే, నీలం టోపీ పెట్టుకుని నిలబడ్డారు. ఒహాయో నుంచి వచ్చారట. మేం ఏ భాష మాట్లాడుతున్నామని అడిగారు. మాటల్లో, అమ్మకి ఈ పడవ సంగతి ఒక వ్లాగ్ వల్ల తెలిసిందని చెప్పాను. అమ్మ వెంటనే నా ఫోను లాక్కుని గడ్డం అబ్బాయి బొమ్మ తీసి చూపించింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూసి నవ్వారు. ఆయనకీ తెలుసు. మొదట్నుంచీ చూస్తున్నారు.

కానీ ఆయనకి ఆ అబ్బాయి మీద కోపం ఉంది. మొదట్లో సొంత డబ్బుతో టికెట్ కొనుక్కునేవాడు, బంగాళదుంప వేపుడు చల్లారిపోతే చల్లారిపోయిందని చెప్పేవాడు. ఇప్పుడు కొత్త రైడ్లకి ముందుగా పిలుస్తున్నారు, పిలిచినప్పటినుంచి అతనికి అన్నీ బాగానే ఉంటున్నాయి. ఇదీ ఆయన బాధ. నేను అమ్మకి తెలుగులో చెప్పాను. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "పెళ్ళికి పిలిచినవాళ్ళ ఇంట్లో కూర్చుని పప్పులో ఉప్పు తక్కువైందని ఎవరైనా అంటారా? ఆయన్ని అడుగు" అంది. అడిగాను. ఆయన గట్టిగా తల అడ్డంగా ఊపారు. "అతన్ని నమ్మి డబ్బు ఖర్చు పెట్టేది నేను. పెళ్ళి నా ఖర్చుతో జరుగుతోంది" అన్న అర్థం వచ్చేలా అన్నారు.

నేను ఆయన పక్షమే, ఇప్పటికీ. యూట్యూబ్‌లో వీడియోలు చేసే జెన్నీ నికల్సన్ సంగతే తీసుకోండి. స్టార్ వార్స్ గెలాక్టిక్ స్టార్‌క్రూయిజర్ అని 2022 మార్చిలో డిస్నీ వాళ్ళు ఒక హోటల్ తెరిచారు. ఇద్దరికి రెండు రాత్రులకి దాదాపు 4,800 డాలర్ల నుంచి మొదలు. 2023 సెప్టెంబరు ఆఖరుకి మూసేశారు. ఆవిడ సొంత డబ్బుతో వెళ్ళి, ఏం బాగుందో ఏం బాగోలేదో 2024 మేలో నాలుగు గంటల వీడియో చేసింది. నాలుగు గంటలూ జనం కూర్చుని చూశారంటే, తన జేబులోంచి పోయిన డబ్బు గురించి మాట్లాడే మనిషి మాటకి ఉన్న బరువే కారణం. ఆ పేరు చెప్పగానే పెద్దాయన, "అదీ!" అన్నట్టు రెయిలింగ్ మీద చేత్తో కొట్టారు. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. పడవ ఒడ్డు చేరేదాకా ఇద్దరూ నా మీదుగా వాదించుకుంటూనే ఉన్నారు. అమ్మ తెలుగులో, ఆయన ఇంగ్లీషులో. దిగేటప్పుడు చేతులు కలుపుకున్నారు.

ఆ రోజు ఎక్కిన రైడ్లన్నీ రాయను. కోట ముందు బెంచీ మీద డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిన్నాం. బయటి తిండి లోపలికి తెచ్చుకోవచ్చన్న సంగతి కూడా గడ్డం అబ్బాయి సంచీలో సాండ్‌విచ్ చూసే అమ్మ కనిపెట్టింది. అక్కడ తిండి ధరలు తెలిసినవాళ్ళకి ఆ డబ్బా విలువ తెలుస్తుంది.

సాయంత్రం పార్కు లోపలే ఉన్న లిబర్టీ బెల్ అనే ఆవిరి పడవ దగ్గరికి వెళ్ళాం. రివర్స్ ఆఫ్ అమెరికా అనే నది, దాని మధ్య టామ్ సాయర్ దీవి, ఈ పడవ, అన్నింటికీ 2025 జూలై 6 ఆఖరి రోజు. నదిని పూడ్చి అక్కడ కార్స్ సినిమా నేపథ్యంతో కొత్త ప్రాంతం కడుతున్నారు. దానితో ఆ వారమంతా కెమెరాలు పట్టుకున్నవాళ్ళే. పడవ ముందుభాగంలో ఒక్కొక్కరూ ఒక్కో కర్రకి ఫోను తగిలించి, ఎవరి ఫోనుతో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. అమ్మ పడవ కిందికే చూస్తోంది. నీళ్ళ అడుగున పట్టా ఉందని, పడవ దాని మీదే పోతుందని, చక్రం మాత్రం నిజం ఆవిరితోనే తిరుగుతుందని చెప్పాను. "అయితే దీనికి సరంగుతో పనిలేదా!" అని ఆశ్చర్యపోయింది. లాంచీ సరంగు అంటే అమ్మకి చిన్నప్పటినుంచీ హీరో.

అప్పుడొచ్చాడు పాప అభిమాన వ్లాగర్. దానికి ఊపిరాడలేదు. నా మోచెయ్యి పట్టుకుని, "అమ్మా, అతనే, అతనే" అని గుసగుసలాడింది. అతను నేరుగా మా దగ్గరికే వచ్చాడు. అమ్మ నిలబడ్డ చోటు నుంచి దీవి బాగా కనపడుతుంది. కెమెరా దించకుండా, అమ్మ మొహం కూడా చూడకుండా, రెండు వేళ్ళతో పక్కకి జరగమని సైగ చేశాడు. అమ్మ గబుక్కున జరిగింది. ఎవరో ఆఫీసరనుకుంది పాపం. అతను రెయిలింగ్‌కి ఆనుకుని, గొంతు మార్చి, ఈ నది పోతుంటే తన గుండె పగిలిపోతోందని ఫోనుకి చెప్పాడు. బాగా రాలేదేమో, అదే మాట అదే గొంతుతో ఇంకోసారి చెప్పాడు. పని అవగానే వెళ్ళిపోయాడు. దీవి ఇంకా దాటనేలేదు.

అది అతని బతుకుతెరువు, ఆ తొందర నాకు అర్థమవుతుంది. కానీ నది పోతోందని చెప్పడానికి వచ్చినవాడు నది వైపు ఒక్కసారి చూడలేదు. చూస్తున్న మనిషిని తప్పించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏదో అనబోయేలోపు పాప అమ్మ చెయ్యి పట్టుకుని, "అమ్మమ్మా, మనం వెనక్కి వెళ్దాం దా" అని తీసుకెళ్ళింది. వెనకవైపు, చక్రం దగ్గర, మన నీలం టోపీ పెద్దాయన ఒక్కరే ఉన్నారు. జరిగి అమ్మకి చోటిచ్చారు. నాకు గుర్తున్నంతవరకు వాళ్ళు ముగ్గురూ పడవ ఆగేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. చక్రం నీళ్ళు ఎత్తి పోస్తూ ఉంది, చూస్తూ ఉన్నారు.

మూడో రోజు డిస్నీ వాళ్ళదే ఇంకో పార్కు, యానిమల్ కింగ్‌డమ్. పాప అక్కడి ఎవరెస్ట్ రోలర్ కోస్టర్ ఎక్కాలని తహతహలాడింది. 2006లో తెరిచిన కొండ అది. లోపలి యేతి (మంచు మనిషి) బొమ్మ తెరిచిన కొన్నాళ్ళకే కదలడం మానేసింది. దాని మీద లైట్లు టపటపలాడించి కదిలినట్టు చూపిస్తారు కాబట్టి అభిమానులు డిస్కో యేతి అంటారు. ఆ కొండకి వెళ్ళే దారిలో ఆనందపూర్ అని ఒక ఊరు కట్టారు. ఊహల్లో ఊరే, కానీ కట్టినవాళ్ళు మన దేశం, నేపాల్ తిరిగి చూసి కట్టారు. వేలాడే కరెంటు తీగలు, చేత్తో రాసిన బోర్డులు, గోడకి ఆనించిన సైకిళ్ళు. మేం ఇంట్లో చూసిన వీడియోలన్నింట్లో వ్లాగర్లు ఆ ఊరు దాటడానికి పట్టేది పది సెకన్లు. గడ్డం అబ్బాయి కూడా అంతే.

అమ్మ అక్కడ ఒక గోడ ముందు ఆగిపోయింది. రంగు పెచ్చులూడి, కింద ఇంకో రంగు, దాని కింద సున్నం కనపడుతోంది. వేలితో ముట్టుకుంది. ఊడలేదు. గట్టిగా ఉంది. "ఇది పాతది కాదే. ఇలా ఊడినట్టు కావాలనే చేశారు" అంది. "మన పెద్దత్త ఇల్లు అచ్చం ఇలాగే ఉంటుంది. రంగు వేయించమని పదేళ్ళ నుంచి పోరుతున్నాం." మళ్ళీ ముట్టుకుంది. పాప, మావారు కొండెక్కి దిగి వచ్చేదాకా మేమిద్దరం ఆ గోడ దగ్గరే ఉన్నాం. అత్త ఇంట్లో పెట్టెలు ఎక్కడుండేవి, నుయ్యి ఎటుండేది, అమ్మ చెబుతూనే ఉంది. ఈ మూడు రోజుల్లో నాకు ఎక్కువ గుర్తున్నది ఆ అరగంటే. "మీ అబ్బాయికి ఇది చూపించడం చేతకాలేదు" అన్నాను. "వాడికి పెద్దత్త లేదు కదే" అంది.

అమ్మ ఆగస్టులో ఇండియా వెళ్ళిపోయింది. వెళ్ళిన రెండు వారాలకి వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది, ఏడు నిమిషాలు. సఖినేటిపల్లి వెళ్తూ పంటు మీద తీసింది. ఒక మూల బొటనవేలు అడ్డం వచ్చింది. ఇంజను మోత, ఎవరిదో స్కూటరు, ఒకామె బుట్టలో రొయ్యలు. ఆ తర్వాత రెయిలింగ్ మీద అమ్మ చెయ్యి, నీళ్ళు. కెమెరా ఎటూ తిప్పలేదు. తన మొహం ఒక్కసారి కూడా చూపించలేదు. అవతలి ఒడ్డు వేలెడంత ఉన్నదల్లా మెల్లిగా దగ్గరికొచ్చింది. రేవులో దిగేవాళ్ళ కేకలు మొదలయ్యాక మాత్రం అమ్మ గొంతు వినపడింది, "వచ్చేశాం" అని.

పాప దాన్ని టీవీలో పెట్టించుకుని రెండుసార్లు చూసింది. తిరుగు పంటు కూడా తియ్యమని అమ్మమ్మకి వాయిస్ మెసేజ్ పెట్టింది.