స్క్యూ ఉలితో నెల రోజుల తగువు

మొదటి వారం

ఈ నెలకు ఒక్కటే పని పెట్టుకున్నాను. చెక్కను గిరగిరా తిప్పే లేత్ మీద స్క్యూతో, అంటే అంచు ఏటవాలుగా ఉండే బల్లపరుపు ఉలితో, సాండ్ పేపర్ తగలనక్కర్లేనంత నున్నగా ఒక కడ్డీ తీయాలి. రెండంగుళాల చదరం, అడుగు పొడవు ఉన్న టేకు ముక్క తీసుకున్నాను. మోటు కోతకు వాడే డొల్ల ఉలి రఫింగ్ గౌజ్‌తో గుండ్రం చేసేదాకా ఏ ఇబ్బందీ లేదు. స్క్యూ పట్టుకోగానే మొదలైంది. కొంతదూరం వెన్నలో కత్తిలా పోతుంది, ఠక్కున పట్టేస్తుంది, కడ్డీ చుట్టూ స్క్రూ మరలాగా గాటు పడుతుంది. అలా మూడు ముక్కలు కట్టెల్లో కలిశాయి.

తప్పు కొంత నాదే. అంచులో కింది సగమే చెక్కను కోయాలి. పైనున్న పొడవు మొన తగిలిందా, ఉలిని చెక్క లాగేసుకుంటుంది. ముందు ఉలి ఏటవాలు, అంటే అంచు వెనక సాన పట్టిన వాలు ముఖం, చెక్క మీద ఆనాలి, ఆ తర్వాత పిడిని మెల్లగా పైకెత్తుతూ పోతే కోత దానంతటదే మొదలవుతుంది. ఇదంతా తెలిసీ, కంగారులో మొననే చూస్తూ కూర్చున్నాను. చూపు కడ్డీ పై అంచు మీదికి మార్చాక చెయ్యి చాలావరకు కుదుటపడింది.

రెండో వారం

అయినా ఒకటి మాత్రం మనసులో మెదులుతూనే ఉంది. ఉలి పట్టేసేది దాదాపు ప్రతిసారీ ఒకే చోట. తప్పు చేతిదైతే చోటు మారుతూ ఉండాలి కదా? లేత్ ఆపేసి, ఉలిని ఆనించే టూల్ రెస్ట్ పై అంచు వెంట గోరు జరుపుకుంటూ వెళ్ళాను. ఎడమ చివర నుంచి నాలుగంగుళాల దగ్గర గోరు చిక్కుకుంది. వంగి చూసినా కనపడనంత చిన్న నొక్కు!

ఆలోచిస్తే వింతేం లేదు. రెస్ట్ పోత ఇనుము, ఉలి దానికంటే గట్టిదైన హైస్పీడ్ స్టీలు. పైగా స్క్యూ కాడ అంచులు కొత్తలో కత్తుల్లా ఉంటాయి. ఉలి పట్టేసిన ప్రతిసారీ ఆ అంచు రెస్ట్‌ను కొరుకుతుంది, ఆ కొరుకుడులోనే మళ్ళీ ఉలి ఆగుతుంది. బల్లపరుపు ఆకురాయి తీసుకుని రెస్ట్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు రాశాను. నొక్కు దగ్గరే రాస్తే అక్కడ గుంట పడుతుంది. తర్వాత కొవ్వొత్తి రుద్దాను. స్క్యూ కాడ నాలుగు అంచుల్నీ నూనెరాయి మీద గుండ్రం చేశాను. అంతా కలిపి అరగంట. ఆ సాయంత్రం ఉలి మీంచి పేళ్ళు రిబ్బన్లలా లేచి మోచేతి దాకా వచ్చాయి. మూడు ముక్కల టేకు ఊరికే పాడుచేశానే అని మాత్రం ఇంకా బాధే.

టేకుతో ఇంకో సంగతి. ఆ చెక్కలో సిలికా ఉంటుంది, పదును తొందరగా పోతుంది. పదినిమిషాలకోసారి సాన పట్టాల్సి వచ్చింది. ఏటవాలు మీద మార్కర్‌తో రంగు పూసి, సానరాయిని చేత్తో ఒకసారి తిప్పి చూస్తే ఎక్కడ రాసుకుందో తెలిసిపోతుంది. కోణం తేలాకే స్విచ్ వెయ్యడం.

మూడో వారం

లేత్ ఆన్ చేయగానే దబదబమని సన్నటి అదురు. బెల్టు తీసేసి మోటారు ఒక్కదాన్నే తిప్పాను, చప్పుడు లేదు. చెక్కను తిప్పే ఇరుసు, అదే స్పిండిల్‌ను చేత్తో తిప్పితే బేరింగులు నున్నగానే ఉన్నాయి. ఇక మిగిలింది బెల్టే. చాలా రోజులు కదలకుండా పుల్లీ మీద బిగిసి ఉండి, ఆ వంపు అలాగే గట్టిపడింది. కొత్తది వేశాను. ఇప్పుడు పని అయ్యాక బెల్టు వదులు చేసి వస్తున్నాను. పనిలో పనిగా స్పిండిల్ లోపల సన్నబడుతూ పోయే రంధ్రంలో (టేపర్‌లో) గుడ్డ తిప్పితే నల్లటి పొట్టు వచ్చింది. అక్కడ చిటికెడు దుమ్మున్నా, అందులో కూర్చుని చెక్కను పట్టి తిప్పే డ్రైవ్ సెంటర్ ఊగుతుంది.

నాలుగో వారం

ఇది గిన్నె కబురు. కిందటి నెలే, అంటే స్క్యూ జోలికి పోకముందు, పచ్చి మామిడి దుంగ నుంచి 200 మిల్లీమీటర్ల (సుమారు ఎనిమిదంగుళాల) గిన్నె మోటుగా తీసిపెట్టాను. అంగుళాల్లో వ్యాసాన్ని ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లతో) గుణిస్తే 6,000 నుంచి 9,000 మధ్య రావాలన్నది లెక్క. ఎనిమిదంగుళాలకు 750 నుంచి 1,100 దాకా వెళ్ళొచ్చన్నమాట. కానీ బెరడుతో వంకరగా ఉన్న దుంగకు ఆ లెక్క పనికిరాదు. అందుకే లేత్‌లో ఉన్న అతి తక్కువ వేగంతో, ఫేస్ షీల్డ్ పెట్టుకుని, దుంగ ఎగిరితే వచ్చే దారికి పక్కగా నిలబడి మొదలుపెట్టాను. రఫింగ్ గౌజ్ గిన్నెల మీద వాడకూడదు. పిడిలోకి పోయే భాగం సన్నం, ఉలి పట్టేస్తే విరుగుతుంది. గిన్నెలకని ఉన్న బౌల్ గౌజ్‌తోనే లాగించాను.

గోడ మందం 20 మిల్లీమీటర్లు ఉంచాను, అంటే వ్యాసంలో పదో వంతు. అడ్డకోత (నార చివరలు) కనిపించే రెండు వైపులా మైనం పూసి, పేళ్ళతో నింపిన కాగితపు సంచిలో పెట్టాను. తీసిన రోజు 862 గ్రాములు. రెండు వారాలకు 731. అంచు అప్పుడే కోలగా మారింది: నార వెంట 200, అడ్డంగా 195. మందం మిగల్చకపోతే మళ్ళీ గుండ్రం చేసే వీలే ఉండదు.

ఈ ఆదివారం తూచాను, 668. బరువు ఇంకా దిగుతోంది, అంటే చెక్క ఇంకా ఆరలేదు. మళ్ళీ అటకెక్కించాను.