ఒక్క గీత, మూడు రాత్రులు

నిన్న రాత్రి పదకొండున్నరకి మా ఇంటి సర్వర్ లేచింది. ఆ ఊపులోనే ఇది రాస్తున్నాను.

పదేళ్ల ఫొటోలు, పిల్లల వీడియోలు మూడు ఫోన్లలో, పాత హార్డ్‌డిస్కుల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. అన్నీ ఒకచోట చేర్చాలని రెండు 4 టీబీ డిస్కులు, ఒక కొత్త మదర్‌బోర్డు కొని, ఇంటి సర్వర్ల కోసం ఉన్న అన్‌రెయిడ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) వేద్దామనుకున్నాను. అది పెన్‌డ్రైవ్ నుంచి బూటై, మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. సెట్టింగులు, లైసెన్సు పెన్‌డ్రైవ్‌లోనే ఉంటాయి. డిస్కులు పూర్తిగా మన డేటాకే.

పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, దానికి క్యాపిటల్ అక్షరాల్లో అన్‌రెయిడ్ అని పేరు పెట్టి, జిప్ ఫైలు విప్పి అందులో వేశాను. పది నిమిషాల పని.

తీరా చూస్తే బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రాంలో, దేన్నుంచి బూటవ్వాలో చూపే లిస్టులో పెన్‌డ్రైవే లేదు. ముందు పోర్టు, వెనక పోర్టు మార్చాను. సెక్యూర్ బూట్ ఆపాను. ఇంకో పెన్‌డ్రైవ్ తెచ్చాను. ర్యామ్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టాను. అదే పెన్‌డ్రైవ్ లాప్‌టాప్‌లో పెడితే మాత్రం శుభ్రంగా తెరుచుకుంటుంది! రెండో రోజు డబ్బా ఎత్తుకుని షాపుకి వెళ్తే, "పెన్‌డ్రైవ్‌లో ఓఎస్ ఏంటి సార్? బోర్డే డౌటు" అని, మూత కూడా విప్పకుండా చెకింగ్ పేరుతో 500 తీసుకున్నాడు. షాపులకి వెళ్లకండి, అంతే.

మూడో రాత్రి, ఇంటర్ చదివే మా మేనల్లుడు వేరే పనిమీద వీడియో కాల్ చేశాడు. నా మొహం చూసి స్క్రీన్ చూపించమన్నాడు. లాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ తెరిచి చూపించాను.

"మావయ్యా, ఆ ఈఎఫ్ఐ ఫోల్డర్ పేరు చివర గీత ఏంటి?"

నిజంగానే అక్కడొక హైఫన్ ఉంది. అది పొరపాటున పడింది కాదు, కావాలనే అలా ఇస్తారు. గీత ఉన్నంతవరకు యూఈఎఫ్ఐ బూటింగ్, అంటే కొత్త కంప్యూటర్లు ఓఎస్‌ని లేపే పద్ధతి, ఆఫ్‌లో ఉన్నట్టు. నా బోర్డులో పాత పద్ధతి బూటింగ్ లేనే లేదు. బోర్డు ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ కోసం వెతుకుతుంది, గీత ఉంటే ఆ పేరు వేరే పేరే కదా. జిప్‌లోనే ఒక బ్యాచ్ ఫైలు ఉంది. దాన్ని నడిపితే యూఈఎఫ్ఐ కావాలా అని అడిగి, అదే గీత తీసేస్తుంది. నాలాంటివాడికి బ్యాచ్ ఫైలెందుకులే అని వదిలేశాను. పద్దెనిమిదేళ్లుగా కంపెనీ సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది.

గీత చెరిపాను. లిస్టులో పెన్‌డ్రైవ్ కనబడింది. "సరే మావయ్యా, రేపు ఫిజిక్స్ టెస్టుంది" అని వాడు ఫోన్ పెట్టేశాడు. నవ్వలేదు. అదే ఇంకా గుచ్చుకుంటోంది.

మిగతాది సాఫీగానే సాగింది. ఒక డిస్కుని పారిటీకి (ఇంకో డిస్కు పోతే డేటా తిరిగి తెచ్చుకునే ఏర్పాటుకి) ఇచ్చి పడుకుంటే తెల్లారేసరికి సింక్ అయిపోయింది. పెన్‌డ్రైవ్ మాత్రం మంచిది కొనండి. లైసెన్సు దాని ఐడీకే ముడిపడి ఉంటుంది, చౌక సరుకులో ఒకే ఐడీ ఎన్నింటికో ఉంటుంది. ఫ్లాష్ బ్యాకప్, అంటే ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదాని కాపీ, కూడా దించి పెట్టుకోండి.

మా ఇంట్లో పెన్‌డ్రైవ్ అంటే అందరి సొత్తు. పొద్దున్నే మా ఆవిడ ఆధార్ ప్రింటు కోసం జిరాక్స్ షాపుకి వెళ్తూ, సరిగ్గా ఈ సర్వర్ పెన్‌డ్రైవ్ మీదే చెయ్యి వేసింది. ఇప్పుడు దానిమీద తెల్ల టేపు వేసి ఎర్ర స్కెచ్‌తో "తీయొద్దు" అని రాశాను.