ఈసారి ఓడెక్కుతున్నాం!
2022లో కోర్డీలియా అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ విశాఖకు వచ్చినప్పుడు మాకు సెలవులు కలవలేదు. ఇప్పుడు ముంబై నుంచి గోవాకి అదే ఓడలో బుక్ చేశాం!

మాలో ఒక్కొక్కరినీ బడ్జెట్ ఎంతని అడిగి, అందరికంటే తక్కువ చెప్పినవాళ్ల అంకెనే అందరి అంకె చేసుకున్నాం. ఒక్కరు ఆగిపోయినా వెళ్లేది లేదు మరి. కిటికీ లేని గదులు తీసుకున్నాం, పగలంతా డెక్ మీదే కదా ఉండేది. వారాంతం వదిలేస్తే ఇంకొంచెం తగ్గింది. మీరూ చూస్తుంటే ఒక్క మాట: ప్రకటనలో కనిపించే ధర మీద పోర్టు ఛార్జీలు, సిబ్బంది గ్రాట్యుటీ (అంటే టిప్పు), జీఎస్టీ పడతాయి. చివరి మొత్తం చూశాకే పోల్చుకోండి. భోజనం టికెట్‌లోనే వస్తుంది, గోవాలో దిగి తిరిగే ఖర్చు మాత్రం విడిగా.

ఒరేయ్, ఆధార్ కాపీలు పంపనివాళ్లు ఈ రాత్రికే పంపండ్రా!